పాత కంప్యూటరుకు కొత్త మెదడు

వస్తువు పాతపడినప్పుడు మనకు రెండు ఆలోచనలు తోచును. దానిని విడిచి కొత్తది కొనుట యొకటి. అందులోని ముఖ్యమైన భాగమును మాత్రము మార్చి తక్కినదానిని నిలుపుకొనుట మరియొకటి. కుట్టుమిషను, సైకిలు, గోడ గడియారము మున్నగు వాని విషయమున మన పెద్దలు తరచుగా రెండవ మార్గమునే అనుసరించిరి. నేడు ఇండ్లలోను దుకాణములలోను బల్లలపై నుండు డెస్క్‌టాప్ కంప్యూటరుల విషయమున కూడ ఈ ప్రశ్నయే పుట్టుచున్నది. కంప్యూటరు నెమ్మదించినది, దాని మెదడు వంటిదగు ప్రాసెసరును మార్చినచో అది మరల చురుకుగా పనిచేయునా?

హైదరాబాదు నగరమునకు తూర్పున నున్న ఉప్పలు, నాచారము ప్రాంతములలో ఈ ప్రశ్న పుట్టుటలో వింత లేదు. అచ్చట కార్ఖానాలలో పనిచేయువారి కుటుంబములు, చిన్న దుకాణములు, చదువుకొను పిల్లలు గల ఇండ్లు అనేకము గలవు. అట్టి ఇంటిలో కంప్యూటరు కొనుట సామాన్యమైన వ్యయము కాదు. ఒకసారి కొన్నది పది సంవత్సరములైనను పనికి రావలెనని కోరుకొందురు. కావున తప్పు నిర్ణయము వలన పోవునది కేవలము ధనము కాదు. పిల్లల ఫీజు కొరకు దాచుకొన్న సొమ్మో, దుకాణమునకు రావలసిన సరుకో అగును.

ఆ ప్రాంతమునకును కంప్యూటరులకును పాత చుట్టరికము గలదు. ఉప్పలునుండి నాచారము, మల్లాపూరుల మీదుగా ఉత్తరమునకు పోయినచో ఈ.సి.ఐ.ఎల్. కూడలి వచ్చును. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ అను ఆ ప్రభుత్వ సంస్థ 1967లో అణుశక్తి శాఖ క్రింద ఏర్పడినది. దాని స్థాపనకు మూలపురుషుడు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు. సమీపమున నున్న ఏ.ఎస్. రావు నగర్ ఆయన పేరుతోనే వెలసినది. ట్రాంబే డిజిటల్ కంప్యూటరు అను పేరునకు పొడి అక్షరములుగా టి.డి.సి. అని పిలువబడు కంప్యూటరులను ఈ సంస్థ తయారుచేసినది. వానిలో మొదటిదగు టి.డి.సి.-12 1969లో వెలువడినది. తరువాతి దశకములో టి.డి.సి.-316 వచ్చినది. మొదటిది ఒక్కసారికి 12 బిట్ల సమాచారమును గ్రహించి పనిచేయగా, రెండవది 16 బిట్లను గ్రహించి పనిచేసెడిది.

ఇందు గమనింపదగిన విషయ మొకటి గలదు. 12 బిట్ల యంత్రము నుండి మెదడును మాత్రము తీసివేసి, దాని స్థానమున 16 బిట్ల మెదడును కూర్చుండబెట్టుట సాధ్యము కాదు. మెదడుకు సమాచారము నందించు తీగలు, ఆ సమాచారమును దాచు జ్ఞాపకశక్తి, దానిచే పని చేయించు ఆదేశములు, అన్నియు దానికి తగినట్లుండవలెను. నేటి కంప్యూటరులు నాటి వానికంటె ఎన్నో రెట్లు చిన్నవి, ఎన్నో రెట్లు వేగము గలవి. అయినను ఈ నియమము మాత్రము మారలేదు. ప్రాసెసరు ఒంటరిగా పనిచేయదు.

ప్రాసెసరు పని యెట్టిదో తెలిసికొనుటకు పెండ్లివారి వంటశాలను తలచుకొనుడు. అచ్చట ఒక వంటవాడు కలడు. అతని ముందు కూరలు తరుగుటకు, పాత్రలు పెట్టుకొనుటకు ఒక బల్ల కలదు. కొంత దూరమున బియ్యము, పప్పులు, నూనెలు నిలువచేసిన ఉగ్రాణము కలదు. కంప్యూటరులో వంటవాడు ప్రాసెసరు. బల్ల ర్యామ్ అను తాత్కాలిక జ్ఞాపకశక్తి. ఉగ్రాణము హార్డ్‌డిస్కు. వంటవాడు ఎంత నేర్పరియైనను, ఉగ్రాణమునుండి పప్పు వచ్చువరకు చేతులు కట్టుకొని నిలువవలసినదే. బల్ల ఇరుకైనదైనచో, ఒక పాత్రను దింపి ఉగ్రాణమునకు పంపినగాని మరియొక పాత్రను పెట్టుకొనుటకు చోటుండదు. అట్టి వంటశాలలో భోజనము ఆలస్యమైనప్పుడు వంటవానిని మార్చుట తలనొప్పికి తలగడ మార్చినట్లే యగును.

ఈ ఆలస్యము ఎంతటిదో లెక్కవలన తెలియును. 1971లో వెలువడిన ఇంటెల్ 4004 అను ప్రాసెసరులో సుమారు 2,300 ట్రాన్సిస్టరులు మాత్రమే యుండెను. నేటి ప్రాసెసరులలో అవి వందలకోట్ల సంఖ్యలో నున్నవి. 3 గిగాహెర్ట్జుల ప్రాసెసరు గడియారము సెకనుకు 300 కోట్ల మారులు కొట్టుకొనును. మరి హార్డ్‌డిస్కు సంగతి యేమి? అందులో ఒక పళ్లెము నిమిషమునకు 7,200 మారులు తిరుగును. అనగా ఒక చుట్టునకు సుమారు 8.3 మిల్లీసెకనులు పట్టును. కావలసిన సమాచారము అప్పుడే ముల్లును దాటిపోయినచో, అది మరల వచ్చుటకు ఒక చుట్టు తిరుగవలెను. ఆ స్వల్పకాలములో ప్రాసెసరు గడియారము రెండున్నర కోట్ల మారులు కొట్టుకొనును. మన కంటికి రెప్పపాటు కాలమైనది ప్రాసెసరుకు మిక్కిలి దీర్ఘమైన నిరీక్షణ. తిరుగు పళ్లెములు లేని ఎస్.ఎస్.డి. అను నిలువ సాధనము ఈ నిరీక్షణను అనేక రెట్లు తగ్గించును.

1967లో, అనగా ఈ.సి.ఐ.ఎల్. ఏర్పడిన సంవత్సరముననే, జీన్ అమ్‌డాల్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు ఈ విషయమునకు సంబంధించిన ఒక సూత్రమును ప్రతిపాదించెను. ఒక పనిలో ఒక భాగమును మాత్రము ఎంత వేగవంతము చేసినను, తక్కిన భాగము పాత వేగముతోనే యుండినచో మొత్తముమీద కలుగు లాభమునకు ఒక హద్దు గలదని దాని సారాంశము. ఒక ఉదాహరణము చూతము. కంప్యూటరు మీట నొక్కిన తరువాత అది సిద్ధమగుటకు 60 సెకనులు పట్టుచున్నదనుకొందము. అందు 45 సెకనులు హార్డ్‌డిస్కు కొరకు వేచియుండుట. 15 సెకనులు ప్రాసెసరు పని. రెండు రెట్లు వేగము గల ప్రాసెసరును అమర్చినచో 15 సెకనులు ఏడున్నర యగును. మొత్తము యాబదిరెండున్నర సెకనులు. అట్లుగాక, ప్రాసెసరును ముట్టక, డిస్కు మార్చి 45 సెకనులను 5 చేసినచో మొత్తము 20 సెకనులే యగును. కావున ఏది వేగముగా నున్నదని కాక, ఏది ఆలస్యము చేయుచున్నదని మొదట అడుగవలెను.

దీనిని కనుగొనుట కష్టము కాదు. విండోస్ గల కంప్యూటరులో టాస్క్ మేనేజరు అను పట్టిక యుండును. పని చేయుచుండగా దానిని తెరచి చూచినచో ప్రాసెసరు, ర్యామ్, డిస్కు ఒక్కొక్కటి నూటికి ఎంత వంతు పనిలో నున్నదో కనబడును. డిస్కు నూటికి నూరుగా నుండి ప్రాసెసరు ఇరువది వద్ద నున్నచో దోషము డిస్కుది. ర్యామ్ నిండిపోయి యున్నచో దోషము బల్లది. ప్రాసెసరు మాత్రమే చాలసేపు నూటికి నూరుగా నున్నప్పుడు దానిని మార్చు ఆలోచన చేయవచ్చును. ఒక్క క్షణము చూచి తీర్పు చెప్పరాదు. ఒక వారము దినములు, ఏ పని చేయునప్పుడు ఎచ్చట ఆగుచున్నదో కాగితముపై వ్రాసికొనుట మేలు.

అంతకు ముందు చేయవలసిన చిన్న పని యొకటి గలదు. ప్రాసెసరు పనిచేయునప్పుడు వేడెక్కును. దానిపై లోహపు రెక్కలు, ఒక చిన్న ఫ్యాను ఉండి ఆ వేడిని వెలుపలికి పంపును. వేడి హద్దు మీరినచో ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. హైదరాబాదులో మే మాసపు ఎండ కొన్ని దినములు 40 డిగ్రీల సెల్సియస్ దాటును. నాచారము వంటి పారిశ్రామికవాడలలో లారీల రాకపోకల వలన దుమ్ము తక్కువ కాదు. ఆ దుమ్ము లోహపు రెక్కల నడుమ పేరుకొన్నచో గాలి ఆడదు. ఉదయము చక్కగా పనిచేసి మధ్యాహ్నము నెమ్మదించు కంప్యూటరుకు కావలసినది కొత్త ప్రాసెసరు కాదేమో! కరెంటు తీసివేసి దుమ్మును దులుపుట, ఎండిపోయిన థర్మల్ పేస్టును మార్చుట చాలును.

ఇక మూడు ఉదాహరణములను పరిశీలింతము. ఇవి కల్పితములే గాని, వీనిలోని యంత్రములు నిజమైనవి.

మొదటిది నాచారములోని ఒక ఇల్లు. తండ్రి కార్ఖానాలో పనివాడు. కుమార్తె పదవ తరగతి, కుమారుడు ఎనిమిదవ తరగతి చదువుచున్నారు. వారి కంప్యూటరులో 2012 నాటి ఇంటెల్ కోర్ ఐ3-3220 ప్రాసెసరు, 4 జి.బి. ర్యామ్, హార్డ్‌డిస్కు ఉన్నవి. పాఠముల వీడియోలు చూచుట, తెలుగులో టైపు చేయుట, లెక్కల పట్టికలు వ్రాయుట వారి పనులు. ఆ మదర్‌బోర్డులోనే అమరు కోర్ ఐ7-3770 అను ప్రాసెసరు వాడినదైనను దొరకునని ఎవరో చెప్పిరి. మొదటిదానిలో రెండు కోర్లు, రెండవదానిలో నాలుగు కోర్లు. కోరు అనగా ఒక వంటవాడని తలపవచ్చును. నలుగురు వంటవారున్న మేలే కదా యని తోచును. కాని పట్టిక తెరచి చూడగా డిస్కు ఎల్లప్పుడు నూటికి నూరుగా, ర్యామ్ నిండుగా, ప్రాసెసరు సగమైన పనిలేక కనబడినచో ఏమి చేయవలెను? బల్ల ఇరుకుగా, ఉగ్రాణము దూరముగా నున్న వంటశాలలో నలుగురు వంటవారు నలుగురును వేచియుందురు. ఆ ఇంటివారు ప్రాసెసరు జోలికి పోక, ర్యామ్‌ను 8 జి.బి. చేసి, ఎస్.ఎస్.డి. అమర్చుకొనుట యుక్తము.

రెండవది ఉప్పలులోని ఒక జిరాక్సు దుకాణము. అచ్చటికి జనులు ఆధారు కార్డులు, మార్కుల పత్రములు, దరఖాస్తులు తెచ్చి నకళ్లు తీయించుకొందురు. దుకాణపు కంప్యూటరులో 2015 నాటి కోర్ ఐ5-6400 ప్రాసెసరు, విండోస్ 10 ఉన్నవి. 2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 10కు సాధారణ మద్దతును ముగించినది. ప్రత్యేకముగా నమోదు చేసికొన్నవారికి కొంత కాలము మాత్రము భద్రతా సవరణలు పొడిగింపబడినవి. సవరణలు రాని కంప్యూటరు తాళము చెడిన తలుపు వంటిది. అందున్నవి పరుల కాగితములు గనుక దుకాణదారుని బాధ్యత మరింత పెద్దది.

అతడు ఏడవ తరము కోర్ ఐ7-7700 కొని పెట్టుకొనవచ్చును. అది ఆ సాకెట్టులో అమరును. పని కొంత వేగవంతమగును. కాని విండోస్ 11కు మైక్రోసాఫ్టు ప్రకటించిన పట్టికలో సాధారణముగా ఎనిమిదవ తరము మొదలుకొనియే ఇంటెల్ కోర్ ప్రాసెసరులున్నవి. మరి ఎనిమిదవ తరముదానిని తెచ్చినచో? దాని సాకెట్టు పేరును ఎల్.జి.ఎ. 1151యే. పిన్నుల సంఖ్యయు అదియే. అయినను ఆరవ తరము కొరకు చేసిన మదర్‌బోర్డు దానిని అంగీకరింపదు. పేరును చూచి కొన్నవాడు ఇచ్చటనే మోసపోవును. బోర్డును, ప్రాసెసరును కలిపి మార్చవలసియున్నప్పుడు, ఆ వ్యయమును పూర్తి కొత్త యంత్రపు వెలతో పోల్చి చూచి నిర్ణయించుకొనవలెను. ప్రాసెసరును మాత్రము మార్చుట వలన అతని అసలు కష్టము తీరదు.

మూడవది, పెండ్లి వీడియోలను కూర్చి యిచ్చు ఒక యువకుని ఇల్లు. అతని కంప్యూటరులో 2017 నాటి ఏ.ఎమ్.డి. రైజెన్ 3 1200 ప్రాసెసరు గలదు, కోర్లు నాలుగు. ఎస్.ఎస్.డి. కలదు, ర్యామ్ 16 జి.బి. కలదు. అయినను ఒక వీడియో సిద్ధమగుటకు రాత్రియంతయు పట్టుచున్నది. పట్టికలో ప్రాసెసరు గంటల తరబడి నూటికి నూరుగా నిలిచియున్నది. ఇచ్చట ఆలస్యము నిజముగా వంటవానిదే. అతని బోర్డుపైనున్న ఏ.ఎమ్.4 అను సాకెట్టును ఆ సంస్థ అనేక సంవత్సరములు నిలిపియుంచినది. కావున బోర్డు తయారీదారు ప్రకటించిన జాబితాలో ఉన్నచో, లోపలి బయాస్ అను మూలాదేశములను నవీకరించి, 2022లో వెలువడిన రైజెన్ 5 5600ను అందులోనే అమర్చుకొనవచ్చును. దానిలో ఆరు కోర్లు గలవు. రెండింటికిని నిర్ణీత ఉష్ణప్రమాణము 65 వాట్లే. వీడియోను కూర్చుపని పలువురు వంటవారు పంచుకొనదగిన పని. పైగా రైజెన్ 3 1200 విండోస్ 11 పట్టికలో లేదు. రైజెన్ 5 5600 ఉన్నది. ఇచ్చట ప్రాసెసరును మార్చుట సార్థకము.

మూడు చోట్లను ప్రశ్న యొక్కటే, సమాధానములు మూడు. మొదటి ఇంటివారికి కూడ విండోస్ 11 అందదు గదా యని మీరడుగవచ్చును. నిజమే. కాని వారి పనులకు లినక్సు అను ఉచిత వ్యవస్థ చాలును. అది పాత కంప్యూటరులపైనను నడచును. దానికి భద్రతా సవరణలును వచ్చుచుండును. హైదరాబాదు కేంద్రముగా పనిచేయు స్వేచ్ఛ అను సంస్థ తెలుగులో పనిచేయు లినక్సు వ్యవస్థను రూపొందించినది. దుకాణదారుడు మాత్రము తన ప్రింటరు, స్కానరు, దరఖాస్తుల పనులు లినక్సులో జరుగునా లేదా యని ముందుగా పరీక్షించుకొనవలెను.

మార్చవలెనని నిశ్చయించుకొన్నవారు కొన్ని జాగ్రత్తలు వహింపవలెను. మదర్‌బోర్డు పేరును, దాని తరగతి సంఖ్యను కాగితముపై వ్రాసికొని, తయారీదారు జాబితాలో కొత్త ప్రాసెసరు పేరు వెదకవలెను. సికింద్రాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు కంప్యూటరు సామగ్రికి పేరుపడిన చోటు. అట్టి చోటికి పోయినప్పుడు ఒక్క దుకాణముతో ఆగక, రెండు మూడింటిలో ధర అడుగవలెను. వాడిన వస్తువైనచో అమర్చి నడిపి చూపుమని కోరవలెను. పని మొదలిడుటకు ముందు ఛాయాచిత్రములను, చదువు కాగితములను వేరొక చోట భద్రపరచుకొనవలెను. బయాస్ నవీకరించునప్పుడు కరెంటు పోయినచో బోర్డే పనికిరాకుండ పోవచ్చును; కావున యు.పి.ఎస్. తప్పనిసరి. సాకెట్టులోని పిన్నులు వెండ్రుకలవలె సన్ననివి. అలవాటు లేనివారు నిపుణుని చేతికిచ్చుట మేలు. లేనిచో కోతిపుండు బ్రహ్మరాక్షసి యగును.

తీసివేసిన భాగముల మాట కూడ మరువరాదు. పాత బోర్డులలో రాగి, బంగారము వంటి విలువైన లోహములును, సీసము వంటి విషపదార్థములును ఉండవచ్చును. రాగి కొరకు వానిని ఆరుబయట కాల్చినచో ఆ పొగ కాల్చువారికిని, చుట్టుపట్లవారికిని హాని కలిగించును. 2022లో ప్రకటింపబడి 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమముల ప్రకారము ఇట్టి వస్తువులు నమోదైన పునశ్శుద్ధి సంస్థలకు చేరవలెను. నాచారమునకు దగ్గరనే యున్న చర్లపల్లిలోని సి-మెట్ అను కేంద్ర ప్రభుత్వ సంస్థ పాత సర్క్యూటు బోర్డుల నుండి లోహములను తిరిగి రాబట్టు పద్ధతులపై పరిశోధనలు సాగించినది. కాని అన్నిటికంటె మంచి పద్ధతి, పనికివచ్చు వస్తువును వ్యర్థము కానీయకుండుటయే.

విద్యార్థులారా! మీ ఇంటిలోనో, బడిలోనో పాత కంప్యూటరు ఉన్నచో దానిని చూచి విసుగుకొనకుడు. అది ఏ పని చేయుచున్నది, ఎచ్చట ఆగుచున్నది, దానికి ఏమి అమరును, ఆ మార్పు వలన మన అవసరము తీరునా, అంతే సొమ్ముతో వేరొక మేలైన మార్గము కలదా అని ఈ ఐదు ప్రశ్నలు వరుసగా వేసికొనుడు. నాడిని చూడకుండ మందు నీయు వైద్యుని మనము మెచ్చుకొనము. కొలిచి చూడకుండ సొమ్ము వెచ్చించుటయు అట్టిదే. కష్టపడి సంపాదించిన రూపాయిని ఎచ్చట పెట్టవలెనో తెలిసికొనుటకు యంత్రవిద్య ఎంత కావలెనో, ఓపికతో గమనించు అలవాటును అంతే కావలెను.